కన్ను, చేప, చంద్రవంక

గోమేధికపురం కోటకు ఏడు బురుజులు. ఏడింటి మీదా రాగి కలశాలు. పొద్దుటి ఎండ ఆ కలశాలకు తగిలిందంటే రాజవీధి పొడవునా పసుపునీళ్ళు చల్లినట్టు ఉండేది. ఆ రోజు ఆ వీధిలో మామిడి తోరణాలు కడుతున్నారు. పట్టపుటేనుగు దంతాలకు బంగారు పొన్నులు తొడుగుతున్నారు. వందమంది ఆడవాళ్ళు వంగి ముత్యాల ముగ్గులు వేస్తున్నారు. ఎందుకంటే మరో అయిదు రోజులు గడిస్తే, ఆరో రోజున యువరాజు అరుణకేతుకు పట్టాభిషేకం.

అదే సమయంలో కోటలోపల, ఆయుధశాలలో, తిప్పన అనే పనివాడికి ఒక కత్తి అంతుపట్టడం లేదు.

తిప్పన కత్తులకు మెరుగు పెట్టేవాడు. పాతికేళ్ళవాడు. కళ్ళకు గంతలు కట్టి వేయి కత్తుల మధ్య నిలబెట్టినా, వేలితో తడిమి ఏది ఎవరిదో చెప్పగలడని పేరు. అన్ని కత్తుల్లోకీ పెద్దది, ఆ రాజ్యానికి ప్రాణం లాంటిది, 'ధర్మజిహ్వ' అనే రాజఖడ్గం. దాని ఉక్కు అలుగు మీద, పిడికి జానెడు దూరంలో, ఇత్తడి పొదిగిన మూడు గుర్తులు వరసగా ఉంటాయి. ఒక కన్ను, ఒక చేప, ఒక చంద్రవంక. వాటి అర్థం కోటలో చిన్నపిల్లలకు కూడా వచ్చు. కన్ను అంటే దోషిని కనిపెట్టే అమ్మవారి చూపు. చేప అంటే సముద్రం దాటి వచ్చిన మూలపురుషుడి జెండా. చంద్రవంక అంటే చంద్రవంశం. ఆస్థాన పండితులు ఏటేటా దసరాకు ఈ ముక్క చదివి శాలువా కప్పించుకునేవారు.

పదేళ్ళుగా తిప్పన ఆ మూడు గుర్తులనూ చింతపండుతో, మెత్తటి బూడిదతో తోముతున్నాడు. చంద్రవంక కొమ్ములు రెండూ వాదర వైపు, అంటే కోసే అంచు వైపు, తిరిగి ఉండేవి.

ఈ ఉదయం ఒర లాగి చూస్తే, కొమ్ములు వెన్ను వైపు, అంటే మొద్దు అంచు వైపు, తిరిగి ఉన్నాయి.

కత్తి అదే పొడవు. అదే బరువు. పిడి మీద అదే యాళి ముఖం. కన్నూ చేపా ఎక్కడివక్కడే ఉన్నాయి. చంద్రవంక ఒక్కటే తిరగబడింది. తిప్పన కళ్ళు నులుముకున్నాడు. కత్తిని తిప్పి చూశాడు, తాను తిరిగి చూశాడు. చివరికి కత్తిని ఒరలో దోపి పట్టుకుని, పరుగున యువరాజు దగ్గరికి వెళ్ళి తలుపు వేయించి, సంగతి చెప్పాడు.

అరుణకేతు ఇరవై రెండేళ్ళవాడు. నవ్వుముఖం. సంగతి వినగానే ఆ నవ్వు పోయింది.

"తిప్పనా, నీకు బాగా గుర్తుందా?"

"నా చేతిరేఖలు మరిచిపోతానేమో గానీ అది మరిచిపోను ప్రభూ."

యువరాజు తల్లిని పిలిపించాడు. మహారాణి మాలినీదేవి కత్తి చూసి, "ఇందులో వింతేముంది? నా పెళ్ళినాడు మీ నాన్నగారి నడుముకు చూసిన కత్తి ఇదే. కొమ్ములు ఇలాగే ఉన్నాయి," అంది. ఆస్థాన పండితుణ్ణి పిలిస్తే ఆయన కొమ్ములు పైకి, మొన వైపు ఉండాలన్నాడు. ముప్పై ఏళ్ళుగా ఆయుధశాల వాకిట నిలబడిన కావలి ముసలాయన, "చంద్రవంకా? అది కొడవలి కాదూ!" అన్నాడు. రోజూ చూసే వస్తువును ఏ ఒక్కరూ సరిగ్గా చూసిన పాపాన పోలేదు. తిప్పనకు తన తల మీద తనకే అనుమానం పుట్టింది.

అరుణకేతుకు మాత్రం ఇది మాటల తగాదా కాదు. ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉంది. పట్టాభిషేకం నాటి మధ్యాహ్నం, రాజరక్తం ఉన్నవాడు ఎవడైనా వారసుణ్ణి ద్వంద్వయుద్ధానికి పిలవవచ్చు. వారసుడు ధర్మజిహ్వతోనే పోరాడాలి. అది చేతిలో లేనివాడు వారసుడే కాడు. అరుణకేతు పినతండ్రి చండవర్ధనుడు అప్పుడే సభలో చేతిగుడ్డ విసిరి పిలుపు ఇచ్చేశాడు. ఆయన ఎద్దు మెడను ఒక్క వేటుకు తెంచే మనిషి.

"ఇది నకిలీదయితే మొదటి దెబ్బకే విరుగుతుంది. నా తల తెగుతుంది," అన్నాడు యువరాజు. "అసలుదయితే నా అంతవాడు లేడు. ఎవరు చెప్పాలి?"

"దీన్ని పుట్టించినవాళ్ళు చెప్పాలి ప్రభూ. గరుడకొండ అవతల ఉక్కుగొంది అనే కమ్మరిపల్లె ఉందట. ధర్మజిహ్వ అక్కడే పుట్టిందని మా గురువు అనేవాడు."

"నేను వెళితే బాబాయి వేగులు పసిగడతారు. నువ్వు వెళ్ళు. గుర్రం వద్దు, అనుమానం వస్తుంది. ఆరో రోజు మధ్యాహ్నం లోపల కత్తితో తిరిగి రా."

"రాలేకపోతే?"

అరుణకేతు తన చేతి కంకణం తీసి తిప్పన చేతిలో పెట్టి, వెనక్కి తిరిగి కిటికీ దగ్గర నిలబడ్డాడు.

గంట తిరగకుండా, కాషాయగుడ్డ కట్టి, నుదుట విభూతి పూసి, భుజాన కావడి వేసుకున్న ఒక యాత్రికుడు కోట పడమటి ద్వారం దాటాడు. కావడికి ఇరువైపులా నీళ్ళ చెంబులు. కావడిబద్ద మాత్రం బోలు వెదురు. అందులో ధర్మజిహ్వ.

పింగళా నది ఆ రోజు నిండుగా ఉంది. వరద నీరు తేనెరంగులో సుళ్ళు తిరుగుతూ, పెకలించిన చెట్లను బొమ్మల్లా ఆడిస్తూ పోతోంది. రేవులో ఉన్న ఒకే ఒక్క పడవకు సరంగు నూకరాజు. గుమ్మటం లాంటి ఛాతీ, తెల్లటి గుబురు మీసం. తిప్పనను చూసి, "యాత్రకెళ్ళే బాబువి. ఊరికే ఎక్కు," అన్నాడు. పడవలో అతని మనుషులు పదిమంది ఉన్నారు.

నడి ఏటికి వచ్చేసరికి ఒక పెద్ద మాను వచ్చి పడవ డొక్కలో గుద్దింది. తిప్పన తూలి, కావడి మీద పడ్డాడు. వెదురు నిలువునా చీలింది. ధర్మజిహ్వ జారి, పడవ పలకల మీద ఠంగుమని పడింది.

నూకరాజు గెడ వదిలేసి దాన్ని చూశాడు. తర్వాత మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"ఓలమ్మో! సేప! ఒరే, సూడండ్రా, సేప!"

పదిమందీ వచ్చి చుట్టూ మూగారు. ఒకడు ఏడుపందుకున్నాడు. తిప్పన కత్తికి అడ్డంగా చేతులు చాచాడు.

"అది మా రాజుగారి ఖడ్గం. ముట్టుకోకండి," అన్నాడు.

"ఏటి బాబూ నీ మాట! ఇది కత్తేటి?" అన్నాడు నూకరాజు, కళ్ళు తుడుచుకుంటూ. "మా తాత సెప్పినాడు. ఎప్పుడో ఒక రాజు ఈ ఏటితల్లి బిడ్డని వలేసి పట్టి, మంత్రమేసి ఇనుము సేసేసినాడట. గురుతుకి ఒంటిమీద సేప బొమ్మ మిగిలిపోయినాదట. బిడ్డ కోసమే మా తల్లి ఏటేటా ఊళ్ళమీద పడి ఎతుక్కుంటోంది. ఈ వరదలన్నీ అందుకే. ఇన్నాళ్ళకి నువ్వు తెచ్చినావు. నీ కడుపు సల్లగుండ!"

వాళ్ళ ముఖాల్లో మోసం లేదు. నూకరాజు కత్తిని రెండు చేతుల మీదా పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నాడు. మిగతావాళ్ళు దాని మీద దోసిళ్ళతో నీళ్ళు చల్లి, లాలిపాట అందుకున్నారు. ఏమో, ఇదే నిజమేమోనని ఒక క్షణం తిప్పనకు కూడా అనిపించింది. ఆ క్షణం గడిచేసరికి నూకరాజు పడవ అంచున వంగి, కత్తిని నీళ్ళలోకి దించుతున్నాడు.

తిప్పన ఎగిరి, కత్తి పిడిని రెండు చేతులా పట్టుకుని, దానితో పాటే నదిలోకి దూకాడు.

సుడి అతన్ని కిందికి లాక్కుపోయింది. కళ్ళకు బురద, చెవుల్లో హోరు. ఊపిరి ఇక చాలదనుకున్నప్పుడు ఏదో కొమ్మ తగిలి పైకి తేలాడు. చాలా దూరాన పడవ అరచేయంత బొమ్మలా కనబడుతోంది. వాళ్ళెవరూ అతన్ని వెంటాడడం లేదు. పడవలో నిలబడి చప్పట్లు కొడుతూ, "ఎల్లిపోనాడు! తల్లికాడికి ఎల్లిపోనాడు!" అని ఆనందంతో గంతులు వేస్తున్నారు.

మైలు దూరాన తుంగపొదల్లో ఒడ్డుకు చేరిన తిప్పనకు కావడి లేదు, విభూతి లేదు. తడిసిన ఉత్తరీయంలో కత్తి చుట్టుకుని చంకన పెట్టుకుని నడిచాడు. కడుపులో ఆకలి మండుతోంది.

మర్నాడు పొద్దున గరుడకొండ మొదట్లో ఒక గుడి కనిపించింది. అలాంటి గుడిని అతను కలలో కూడా చూడలేదు. గోడల నిండా వెండి కళ్ళు. వాకిలి మీద కళ్ళు, స్తంభాల మీద కళ్ళు, పైకప్పు నుంచి దండలుగా వేలాడే కళ్ళు. ఎండ కదిలినప్పుడల్లా అవన్నీ ఒక్కసారి రెప్పలు కొట్టినట్టు ఉంటుంది. అక్కడి దేవత పేరు కన్నులమ్మ.

గుడి మెట్ల మీద కూర్చుని తడిగుడ్డ విప్పాడో లేదో, పూలు కడుతున్న ఆడమనిషి అలుగు మీది కన్ను చూసి కేక పెట్టింది. నిమిషంలో ఊరంతా వచ్చింది. వచ్చినవాళ్ళు వచ్చినట్టే తిప్పన ముందు సాగిలపడ్డారు.

ఇదీ అర్థం కాలేదు తిప్పనకు. కాని ఆకలి మీద ఉన్నవాడికి అర్థంతో పనేమిటి? వాళ్ళు పసుపునీళ్ళతో తలంటి పోశారు. ఎర్రగన్నేరు దండ వేశారు. నెయ్యి కారుతున్న పులగం, బెల్లం పరమాన్నం పెట్టారు. పూజారి అంకయ్య స్వయంగా విసనకర్రతో విసిరాడు. మెత్తటి మనిషి, మాట కూడా మెత్తన.

"అయ్యా, నేను ఉక్కుగొంది వెళ్ళాలి. తొందర పని," అన్నాడు తిప్పన, నాలుగోసారి పరమాన్నం వడ్డించుకుంటూ.

"వెళుదువుగాని నాయనా. అమ్మ కన్ను ఉన్న కత్తి తనంతట తాను నడిచి రాదు కదా. అది మోసుకొచ్చినవాణ్ణి అమ్మ పిలుచుకుంటుంది."

"పిలుచుకోవడం అంటే?"

"పిలుచుకోవడమే. ఎల్లుండి మిట్టమధ్యాహ్నం. భయపడకు, నా చెయ్యి తప్పదు. ఒక్క వేటే."

తిప్పన పరమాన్నం విస్తరిని దూరంగా నెట్టేశాడు.

అతన్ని ఒక గదిలో పెట్టి గడియ వేశారు. పూటపూటకూ విందు భోజనం తెచ్చి పెట్టారు. ఆ కన్ను రాజఖడ్గం గుర్తని అతను ఎంత మొత్తుకున్నా, వాళ్ళు జాలిగా చూసి, "అందరూ అలాగే అంటారు నాయనా," అన్నారు. ఇంతకుముందు ఎంతమంది అన్నారో అడగడానికి తిప్పనకు ధైర్యం చాలలేదు.

నాలుగో రోజు మిట్టమధ్యాహ్నం అతన్ని గుడి ముందరి రాతి అరుగు మీద నిలబెట్టారు. డప్పులు మోగుతున్నాయి. అంకయ్య ధర్మజిహ్వను నెత్తిన పెట్టుకుని మూడుసార్లు ప్రదక్షిణం చేసి వచ్చాడు. నదినీళ్ళు తగిలి అలుగంతా చిలుము పట్టి ఉంది. దాన్ని చూడగానే తిప్పన వణుకు ఆగింది. భయం పోలేదు గాని, దాని పక్కన కోపం వచ్చి నిలబడింది. మెరుగుపనివాడి కోపం.

"ఛీ! ఈ తుప్పు కత్తితోనా అమ్మకు మొక్కు చెల్లించేది?" అని అరిచాడు. "ఇంట్లో చుట్టానికి మాసిన విస్తరి వేస్తారా మీరు? అమ్మ కంటిలో బూజు పట్టి ఉంటే నేను చావను. ఒక సానరాయి, పిడికెడు బూడిద, కాస్త నూనె ఇవ్వండి. తోమి ఇచ్చి, అప్పుడు మెడ వంచుతాను."

అంకయ్య కత్తి వైపు చూసి సిగ్గుపడ్డాడు. నిజమే, తమ తప్పే. సానరాయి వచ్చింది.

తిప్పన తోమడం మొదలుపెట్టాడు. అంత పని అతను తన బతుకులో ఎన్నడూ చెయ్యలేదు. చిలుము పోయింది. చిలుము కింది నలుపు పోయింది. ఉక్కులోని సన్నని అలలు నీళ్ళలాగా కదిలాయి. చివరికి అలుగు మొత్తం అద్దమైంది. తిప్పన లేచి నిలబడి, నడినెత్తిన ఉన్న సూర్యుణ్ణి దాని మీదికి పట్టి, ఒక్కసారిగా జనం మీదికి తిప్పాడు.

తెల్లటి మంట లాంటి వెలుగు ముఖాల మీద కొట్టింది. గోడల మీది వెండి కళ్ళన్నీ భగ్గున వెలిగాయి. "అమ్మ కన్ను తెరిచింది! చూడకండి!" అని ఎవరో అరిచారు. డప్పులు ఆగిపోయాయి. అంకయ్యతో సహా అందరూ ముఖాలు కప్పుకుని బోర్లా పడ్డారు.

తిప్పన వాళ్ళ వీపుల మధ్య కాలు పెట్టే చోటు వెతుక్కుంటూ, గన్నేరు దండ మెడలో ఉండగానే, కొండ మీదికి పరుగెత్తాడు. రాళ్ళు దొర్లాయి. ముళ్ళు చీరాయి. శిఖరం దాటి అవతలి లోయలోకి సగం పరుగు, సగం జారుడుగా దిగాడు.

అయిదో రోజు పొద్దున ఉక్కుగొంది చేరాడు. లోయ అంతా ఎర్రరాయి. ఆ ఎరుపు మధ్య ముప్పై నలభై కొలుములు, చాలావరకు బూడిదతో పూడిపోయి, పిచ్చుకలు గూళ్ళు పెట్టినవి. ఒక్క కొలిమిలో మాత్రం నిప్పు ఉంది. దాని ముందు ఒక ముసలిది సమ్మెట పట్టి ఇనుము సాగగొడుతోంది. డెబ్బై ఏళ్ళుంటాయి. చేతులు మాత్రం తాళ్ళు పేనినట్టు ఉన్నాయి. పేరు ఓబులవ్వ.

తిప్పన ఉత్తరీయం విప్పి కత్తి చూపించాడు. అవ్వ సమ్మెట కింద పెట్టి, వంగి చూసింది. తర్వాత నెత్తి కొట్టుకుంది.

"ఒరే అబ్బీ! దీన్ని మళ్ళా ఈడికి ఎందుకు తెచ్చినావురా? మూడురోజులు నడిచి పోయి, నా ప్రాణాలు ఒడ్డి, నేనే కదా దీన్ని మీ కోటలో పెట్టొచ్చింది!"

తిప్పన ఉన్నచోటనే చతికిలబడ్డాడు.

"అవ్వా, నాకేం అర్థం కావడం లేదు. మొదట ఒకటి చెప్పు. ఈ గుర్తులు అమ్మవారివా? ఏటితల్లివా? చంద్రవంశానివా?"

"ఎవరివీ కావు. మా అత్త అత్తవి," అంది ఓబులవ్వ. "ఆ యమ్మకు రాత రాదు. ఎవరికొచ్చు మాలో? కత్తికి పదును ఎట్లా పెట్టిందో వెనకవాళ్ళకు తెలియాలని గురుతులు కొట్టింది. కన్ను అంటే, చూడు అని. కాలిన ఇనుము రంగు కంటితో చూడు, తొందరపడొద్దు అని. చంద్రవంక అంటే, ఎంతమేర కాలాలో ఆ వంపు. వంక పొట్ట ఎటుంటే అటు నిప్పు తగలాలి. చేప అంటే చేపనూనె. నీళ్ళలో ముంచితే చిట్లుతాది, నూనెలో ముంచమని. అంతే."

"అంతేనా?"

"అంతేనా అంటావేంరా? ఆ మూడు మాటలు నేర్చుకోనికి నాకు ఇరవై ఏళ్ళు పట్టింది."

తిప్పన కత్తి వంక చూశాడు. కొమ్ములు వెన్ను వైపు. అంటే పొట్ట వాదర వైపు. వాదరకు నిప్పు తగిలింది. గట్టి కత్తి. అసలు ధర్మజిహ్వ ఇదే.

"మరి నేను పదేళ్ళు తోమింది?"

ఓబులవ్వ లోపలికి వెళ్ళి, గోనెలో చుట్టిన మరో కత్తి తెచ్చి అతని ముందు పెట్టింది. అదే యాళి పిడి. అదే కన్ను, అదే చేప. కొమ్ములు వాదర వైపు. తిప్పన వేలు దాని మీద పెట్టగానే ఒళ్ళు జలదరించింది. పదేళ్ళ తన చేతిపని, ప్రతి గీతా పరిచయమే. సొంత బిడ్డను పట్టుకున్నట్టు ఉంది.

"పదకొండేళ్ళ కిందట చండవర్ధనుడు వచ్చినాడు," అంది అవ్వ. "వాని వెంట నల్లకంబళి కప్పుకున్న సిద్ధుడొకడు. నా పెనిమిటిని కట్టేసి, రాజఖడ్గం తెచ్చి ముందర పెట్టి, దీని మాదిరిగానే ఇంకొకటి చెయ్యమన్నారు. నిప్పు పదును మాత్రం వద్దన్నారు. చేసినా. ఏం చెయ్యాల? కానీ అబద్ధం గురుతు కొట్టడానికి చెయ్యి రాలేదు. వాదరకు నిప్పు పెట్టలేదు కాబట్టి వంకను తిప్పి కొట్టినా. వాళ్ళకు అది తెలియలేదు. వాళ్ళకు అది బొమ్మ."

"మీ ఆయన?"

"కట్లు విప్పి పంపినాం అన్నారు. ఇంటికొచ్చినాడు. అన్నం పెట్టినా. చేపనూనె పాకం ఎట్లా అని అడిగినాడు, చెప్పినా. మా పెళ్ళినాటి పాట కూడా పాడినాడు. పాకం తెలిసినాక నవ్వి, కంబళి కప్పుకున్నాడు. చూస్తే నా మనిషి రూపంలో వచ్చిన ఆ సిద్ధుడు. నా మనిషి ఆ పాటికే పోయినాడు."

ఆమె నిప్పుల్లోకి చూస్తూ తిత్తి రెండుసార్లు ఊదింది.

"పట్టాభిషేకం అని తెలిసి బొగ్గుల గంప నెత్తిన పెట్టుకుని పోయినా. చండవర్ధనుని ఇంట్లో పట్టెమంచం కింద దొరికింది అసలుది. ముసలిదాని గంపలో ఏముందో ఎవరు చూస్తారు? మీ ఆయుధశాలకు బొగ్గులు పోసి, కత్తి మార్చి వచ్చినా. ఆ పిల్లోడు బతుకుతాడు అనుకున్నా. నువ్వు మోసుకొచ్చినావు!"

అని, ఆమె నకిలీ కత్తిని తీసి ఇనుప దాగలి దిమ్మ మీద అడ్డంగా ఒక్కటి కొట్టింది. అది మట్టిపెంకులా రెండుగా విరిగింది. విరిగిన మొన ఎగిరి తిప్పన కాళ్ళ దగ్గర పడింది. పదేళ్ళ మెరుగు దాని మీద ఇంకా తళతళలాడుతోంది. తిప్పనకు తెలియకుండానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఏడుపు తర్వాత. రేపు మధ్యాహ్నం లోపల చేరాల నువ్వు," అంది అవ్వ.

"నడిచి చేరలేను అవ్వా. గుర్రం ఉంటే—"

అప్పుడే గుర్రపు డెక్కలు వినిపించాయి. లోయ దక్షిణపు దారిలో ఎర్రటి దుమ్ము లేచింది. నురగలు కక్కుతున్న తెల్లగుర్రం వచ్చి కొలిమి ముందు ఆగింది. దిగినవాడు అరుణకేతు.

"తిప్పనా! బతికే ఉన్నావా!" అని అతను వచ్చి కౌగలించుకున్నాడు. "నువ్వు ఎంతకీ రాకపోతే నేనే బయలుదేరాను. నిజం తెలిసిందా? ఇదే అసలుదా? ఇటివ్వు, ఇప్పుడే వెళ్ళాలి."

తిప్పన ప్రాణం లేచి వచ్చింది. రెండు చేతులతో కత్తి అందించబోయాడు.

"ఆగు తిప్పనా!"

ఉత్తరపు దారిలో, నల్లగుర్రం మీద, చెమటతో తడిసి, అరుణకేతు.

తిప్పన చేతులు గాలిలోనే ఆగిపోయాయి. ఇద్దరికీ ఒకే నవ్వుముఖం. ఒకే గొంతు. ఎడమ కనుబొమ మీద ఒకే గాటు.

"వాడు బాబాయి దగ్గరుండే సిద్ధుడు!" అన్నాడు రెండోవాడు, గుర్రం దిగుతూ.

"వీడే సిద్ధుడు! బాబాయి ఇంట్లో కత్తి మాయమైందని నా రూపంలో వచ్చాడు," అన్నాడు మొదటివాడు.

తిప్పన రెండడుగులు వెనక్కి వేశాడు. "మా ప్రభువు నాకు సెలవిచ్చేటప్పుడు ఏమిచ్చారు?"

"నా కంకణం," అన్నారు ఇద్దరూ.

"అప్పుడు మీరు ఎక్కడ నిలబడ్డారు?"

"కిటికీ దగ్గర." ఈసారి కూడా ఇద్దరూ.

"మాటలు అడిగి లాభం లేదురా," అంది ఓబులవ్వ. "వాడు తలలోది తోడుకుంటాడు. పెళ్ళినాటి పాట కూడా నా తలలోంచే తోడుకున్నాడు."

ఇద్దరు యువరాజులూ చేతులు చాచి చెరొక పక్క నుంచి అడుగు ముందుకు వేశారు. ఒకరి కళ్ళలోనూ మరొకరి కళ్ళలోనూ ఒకే భయం, ఒకే బతిమాలడం. ఒకరికి ఇస్తే రాజ్యం నిలుస్తుంది. మరొకరికి ఇస్తే, రేపు మధ్యాహ్నం ఆ నవ్వుముఖం నేల మీద దొర్లుతుంది. ఎంత చూసినా తేడా లేదు.

ఓబులవ్వ ఆలోచించలేదు. పటకారుతో కొలిమిలోంచి ఎర్రగా కాలిన కడ్డీ లాగి, పక్కనున్న నీళ్ళతొట్టిలో గుచ్చింది. భుస్సుమని ఆవిరి లేచి కొలిమి ముందరంతా కమ్మేసింది.

ఆ తెల్లటి మసకలో తిప్పన కత్తిని వీపున కట్టుకుని, చేతికి తగిలిన కళ్ళెం పట్టుకుని, గుర్రం మీదికి ఎగిరాడు. అది తెల్లదో నల్లదో కూడా చూడలేదు.

"ఇద్దరికీ ఇవ్వను!" అని అరిచాడు. "రేపు మధ్యాహ్నం ద్వంద్వయుద్ధపు బరిలో, మహారాణిగారి ఎదుట, జనం ఎదుట నిలబడతాను! నిజమైన ప్రభువు అక్కడికి రావాలి!"

గుర్రం బాణంలా లోయలోకి దూసుకుపోయింది. వెనక ఉన్న ఒక్క గుర్రం మీదికి ఇద్దరు యువరాజులూ ఒకేసారి ఎగబడ్డారు. ఒకరు ఎక్కితే మరొకరు జీను పట్టుకుని వేలాడారు. ఆ రెండు శరీరాల పెనుగులాటను మోస్తూనే ఆ గుర్రం కూడా వెంటబడింది. డెక్కల చప్పుడు ఎర్రరాళ్ళకు తగిలి వందరెట్లయింది.

అప్పుడు వెనకనుంచి రెండు కేకలు వినిపించాయి. రెండూ ఒకే గొంతు.

"ఆగు, తిప్పనా! నీ ప్రభువు ఆజ్ఞ! ఆగు!"

"ఆగకు, తిప్పనా! నా కోసం కూడా ఆగకు! పో!"

తిప్పన తల తిప్పి చూశాడు. దుమ్ములో రెండు నీడలు ఒకదాన్నొకటి పట్టుకుని పెనుగులాడుతున్నాయి. ఏ కేక ఎవరిదో తెలియలేదు. రెండో కేక వేసినవాడి గొంతు మీద ఎవరిదో చెయ్యి పడి, మాట సగంలో తెగిపోయింది.

ఆ తెగిన మాటనే ప్రభువు ఆజ్ఞగా తీసుకుని, తిప్పన ఏడుస్తూనే గుర్రం డొక్కల్లో మడమలతో పొడిచాడు.